ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది. ఆటల కోసం విండోస్ ఉంచుకుని, చదువుకూ రోజువారీ పనులకూ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుందామనుకునే వారి ఉత్తరాలే ఈసారి ఎక్కువ. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్ర: నా ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. విండోస్ 11ను కదపకుండా పక్కన లినక్స్ మింట్ వేసుకోవాలి. ఎంత జాగా ఇవ్వాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?
ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జ: పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకోకముందే విండోస్‌లో చేయాల్సిన పనులు మూడున్నాయి. డ్యూయల్ బూట్‌లో, అంటే ఒకే కంప్యూటర్‌లో రెండు సిస్టమ్‌లు ఉంచుకోవడంలో, వచ్చే తలనొప్పులు చాలావరకు లినక్స్ తెచ్చిపెట్టేవి కావు, విండోస్‌లో చూసుకోకుండా వదిలేసిన సెట్టింగులవి.

మొదటిది ఎన్‌క్రిప్షన్, అంటే డ్రైవ్‌లోని ఫైళ్లకు వేసే తాళం. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ చూడండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవగానే అది మనల్ని అడగకుండానే ఆన్ అయిపోతుంది. ఆ తర్వాత బయోస్‌లో (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) ఏ సెట్టింగు మార్చినా విండోస్ నీలం తెర వేసి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఉంటుంది. కాగితం మీద రాసుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో ఫైలుగా దాస్తే తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టే. కీ దొరికాక ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, అది పూర్తిగా విప్పుకునేదాకా ఆగండి. డ్రైవ్ నిండుగా ఉంటే చాలాసేపే పడుతుంది.

రెండోది ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. తన స్థితిని డిస్కు మీద రాసుకుని కునుకు తీస్తుంది, అంతే. అప్పుడు లినక్స్‌లోంచి సీ డ్రైవ్ తెరిస్తే చదవడానికి మాత్రమే వస్తుంది. బలవంతంగా రాయబోతే ఫైళ్లు పాడవుతాయి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ హెచ్, ఖాళీ, ఆఫ్ అని కొట్టండి. ఫాస్ట్ స్టార్టప్‌తో పాటు హైబర్నేషన్ ఫైలూ పోతుంది. పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత ఇది మళ్లీ ఆన్ అయిందేమో ఓసారి చూసుకోవాలి.

మూడోది జాగా. మీ 512 జీబీ డ్రైవ్ విండోస్‌లో 476గా కనిపిస్తుంది. ఆటలన్నీ విండోస్‌లోనే ఆడేట్టయితే లినక్స్‌కు 100 జీబీ చాలు. కొన్ని ఆటలు అటు కూడా పెట్టుకుంటే 150 ఇవ్వండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌పై రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ ఎంచుకుంటే లెక్క ఎంబీల్లో అడుగుతుంది. 150 జీబీ అంటే 1,53,600. డ్రైవ్‌లో సగం ఖాళీగా ఉన్నా 30, 40 జీబీ కంటే తగ్గించనివ్వకపోతే కంగారు వద్దు. పేజ్ ఫైలు, రిస్టోర్ పాయింట్ల లాంటి కదలని ఫైళ్లు డ్రైవ్ మధ్యలో కూర్చుని ఉంటాయి. సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపి, వర్చువల్ మెమరీని 'నో పేజింగ్ ఫైల్'కు మార్చి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. పనయ్యాక రెండూ యథాస్థితికి తెచ్చుకోండి. సీ డ్రైవ్‌ను లినక్స్ టూల్‌తో తగ్గించవద్దు, ఆ పని విండోస్ చేతే చేయించాలి. ఛార్జర్ పెట్టి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా ఈ పనికి దిగవద్దు. పార్టిషన్ (డ్రైవ్‌ను భాగాలుగా విడదీయడం) జరుగుతుండగా కరెంటు పోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు.

ఇక మిగిలింది తేలిక. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ అనే ప్రోగ్రాంతో మింట్ ఎక్కించండి. అందులో పార్టిషన్ స్కీమ్ దగ్గర జీపీటీ, టార్గెట్ సిస్టమ్ దగ్గర యూఈఎఫ్‌ఐ ఎంచుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కి పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. ఆ కీ డెల్, లెనోవో ల్యాప్‌టాప్‌లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, అసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లోనూ ఎఫ్12యే కానీ ముందు బయోస్‌లో ఆ మెనూను ఎనేబుల్ చేయాలి. పెన్‌డ్రైవ్ నుంచి మింట్ డెస్క్‌టాప్ రాగానే ఇన్‌స్టాల్ నొక్కేయకండి. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, టచ్‌ప్యాడ్ పనిచేస్తోందా అని అక్కడే తేల్చుకోండి. మీడియాటెక్ 7902 వైఫై కార్డుకు చాలాకాలం లినక్స్ డ్రైవరే లేదు. అలాంటి కార్డు ఉంటే ఇన్‌స్టాల్ చేశాక తెలిసి లాభం లేదు.

ఇన్‌స్టాలర్‌లో 'ఎరేజ్ డిస్క్' వైపు చూడనే వద్దు. 'సమ్‌థింగ్ ఎల్స్' ఎంచుకుని, మీరు ఖాళీ చేసిన ఫ్రీ స్పేస్ మీద ప్లస్ గుర్తు నొక్కి, రకం ఈఎక్స్‌టీ4, మౌంట్ పాయింట్ దగ్గర ఒక్క స్లాష్ పెట్టండి. స్వాప్‌కు (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు జాగా) వేరే పార్టిషన్ అక్కర్లేదు, దాన్ని ఫైలు రూపంలో మింటే చేసుకుంటుంది. జాబితాలో మొదట్లో 100 ఎంబీదో 260 ఎంబీదో ఈఎఫ్‌ఐ పార్టిషన్ కనిపిస్తుంది. దాని పక్కన ఫార్మాట్ టిక్కు ఉండకూడదు. విండోస్ బూటయ్యేది అక్కడి నుంచే. మింట్ కూడా తన చిన్న ఫోల్డర్ అందులోనే పెట్టుకుంటుంది. మింట్‌కూ ఉబుంటుకూ ఆ 100 ఎంబీ సరిపోతుంది కానీ పాప్ ఓఎస్ అనే ఇంకో రకం లినక్స్‌కు చాలదు. అది కెర్నల్‌ను (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) కూడా ఆ పార్టిషన్‌లోకే తెస్తుంది.

ప్ర: పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ తెరుచుకుంది కానీ ఇన్‌స్టాలర్‌లో నా ఎస్‌ఎస్‌డీ కనిపించడం లేదు, పెన్‌డ్రైవ్ ఒక్కటే చూపిస్తోంది. డ్రైవ్ పాడైందా?
డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జ: పాడవలేదు. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే సెట్టింగు ఆన్‌లో పెట్టి అమ్ముతుంటారు. దాని చాటున ఉన్న ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీని కొన్ని ఇన్‌స్టాలర్లు పట్టుకోలేవు. అలాగని నేరుగా బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆపేస్తే ఈసారి విండోస్‌కే డ్రైవ్ కనిపించక 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అంటూ నీలం తెర వేస్తుంది.

కాబట్టి ముందు విండోస్‌లో రన్ బాక్స్ తెరిచి ఎంఎస్‌కాన్ఫిగ్ కొట్టండి. బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్, మినిమల్ టిక్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ పైకి రాకముందే బయోస్‌లోకి వెళ్లి వీఎండీ ఆపండి. కొన్నింటిలో దాని పేరు ఆర్‌ఎస్‌టీ, దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. ఏసర్ బయోస్‌లో ఈ ఆప్షన్ దాగి ఉంటుంది, మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్ ఎస్ నొక్కితే బయటపడుతుంది. ఇప్పుడు విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి తనకు కావాల్సిన డ్రైవర్ తనే తగిలించుకుంటుంది. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో టిక్కు తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే చాలు. ఒక్క హెచ్చరిక: సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు. అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి. రికవరీ కీ సంగతి పై జవాబులో చెప్పాం, ఇక్కడ దాని అవసరం మరీ ఎక్కువ.

ప్ర: ఆటలు కొని ఆడుకునే స్టీమ్ యాప్ లినక్స్‌లోనూ ఉందిగా, విండోస్ పూర్తిగా తీసేస్తే ఏం పోతుంది? తీయకపోతే, రెండు సిస్టమ్‌లకూ ఒకే గేమ్ ఫోల్డర్ వాడుకోవచ్చా?
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విజయవాడ

జ: మీరు ఆడే ఆటల పేర్లు రాయలేదు. జవాబంతా వాటి మీదే ఆధారపడి ఉంది. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 లినక్స్‌కు నేరుగా వస్తాయి. ఒంటరిగా ఆడే విండోస్ ఆటలు చాలావరకు స్టీమ్ కంపెనీ వాల్వ్ 2018లో తెచ్చిన ప్రోటాన్ (విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే సాధనం) మీద నడుస్తాయి. ఎల్డెన్ రింగ్ ఆన్‌లైన్‌తో సహా నడుస్తుంది. అడ్డం పడేది యాంటీ చీట్, అంటే మోసం చేసి ఆడేవారిని పట్టుకునే ప్రోగ్రాం. వాలరెంట్‌లోని వాన్‌గార్డ్ విండోస్ కెర్నల్‌లో కూర్చుంటుంది, లినక్స్‌లో దానికి దారే లేదు. ఫోర్ట్‌నైట్, కొత్త కాల్ ఆఫ్ డ్యూటీలు, 2025లో వచ్చిన బాటిల్‌ఫీల్డ్ 6 కూడా అంతే. నడుస్తున్నవి కూడా ఆగిపోవచ్చు. జీటీఏ ఆన్‌లైన్ 2024 సెప్టెంబర్‌లో, ఎపెక్స్ లెజెండ్స్ అదే ఏడాది అక్టోబర్ చివర్లో లినక్స్ వాళ్లకు తలుపులు మూసేశాయి. జీటీఏ 5 కథ మాత్రం ఇప్పటికీ ఆడుకోవచ్చు. ఫ్రీ ఫైర్ లాంటి ఫోన్ ఆటలు బ్లూస్టాక్స్‌లో ఆడేవారికి కూడా విండోస్ తప్పదు, దానికి లినక్స్ వెర్షన్ లేదు. తీసేయాలనుకునే ముందు ప్రోటాన్‌డీబీ సైట్‌లో మీ ఆటలు ఒక్కొక్కటి వెతికి చూడండి.

ఒకే ఫోల్డర్ మాట: వద్దు. డిస్కు మీద ఫైళ్లు అమర్చే పద్ధతి విండోస్‌ది ఎన్‌టీఎఫ్‌ఎస్, మీ లినక్స్‌ది ఈఎక్స్‌టీ4. ప్రోటాన్ ప్రతి ఆటకూ ఒక బుల్లి విండోస్ ఫోల్డర్ తయారుచేస్తుంది. అందులో సీ డ్రైవ్‌కు గుర్తుగా సీ పక్కన కోలన్ పెట్టిన లింకు ఉంటుంది. విండోస్‌లో ఫైలు పేరులో కోలన్ చెల్లదు. డిస్క్ చెకింగ్ నడిచినప్పుడు దాన్ని తప్పుగా లెక్కగడుతుంది. ఆట ఇవాళ తెరుచుకుంటుంది, వారం తర్వాత ప్లే నొక్కితే చడీచప్పుడూ ఉండదు. ఆ ఫోల్డర్ ఒక్కదాన్నే ఈఎక్స్‌టీ4 వైపు మళ్లించే పద్ధతి ఉంది, పనిచేస్తుంది కూడా. అయినా రోజూ ఆడుకునేదానికి ఆ అతుకు దేనికి? ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి అయితే ఇంకా దండగ, దానిలో లింకులే ఉండవు. ఏ ఆట ఎటు ఆడతారో తేల్చుకుని అటే దింపుకోండి. రెండు వైపులా కావాల్సింది పాటలు, సినిమాలు, కాలేజీ ఫైళ్లయితే వాటికో ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ ఉండనివ్వండి, ఇబ్బంది లేదు.

మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో స్టీమ్ రెండు రకాలుగా కనిపిస్తుంది. ఫ్లాట్‌ప్యాక్ (మిగతా సిస్టమ్ నుంచి విడిగా ఉంచే ప్యాకేజీ) కాకుండా సిస్టమ్ ప్యాకేజీ తీసుకోండి. ఫ్లాట్‌ప్యాక్‌కు వేరే డ్రైవ్‌లలోని ఫోల్డర్లు చూసే అనుమతి మామూలుగా ఉండదు.

ప్ర: లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే టైమ్ తప్పుతోంది. సరిచేసినా మళ్లీ అంతే. మదర్‌బోర్డు బ్యాటరీ మార్చాలన్నారు.
షాపు యజమాని, ఖమ్మం

జ: డబ్బులు పెట్టకండి. తేడా కచ్చితంగా ఐదున్నర గంటలేనా? లినక్స్‌లో సాయంత్రం 7 అయితే విండోస్‌లో మధ్యాహ్నం 1:30 చూపిస్తుంటే బ్యాటరీ తప్పేం లేదు. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ గ్రీనిచ్ సమయం రాస్తుంది. విండోస్ అదే మన సమయం అనుకుని చదువుతుంది. ఆ మధ్య తేడానే 5:30. బ్యాటరీ పోతే తేడా ఇంత లెక్కగా ఉండదు, తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తుంది.

లినక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అని, ఖాళీ ఇచ్చి సెట్-లోకల్-ఆర్‌టీసీ అని, మళ్లీ ఖాళీ ఇచ్చి 1 కొట్టండి. ఆ తర్వాత విండోస్‌లో ఒకసారి టైమ్ సింక్ చేస్తే కుదురుకుంటుంది. విండోస్ రిజిస్ట్రీలో మార్చే పద్ధతి కూడా ఉంది. రెండింటిలో ఒక్కటే చేయాలి, రెండూ చేస్తే గడియారం ఈసారి ఐదున్నర గంటలు ముందుకు పరిగెడుతుంది. అమెరికాలో ఉన్నవారికి రిజిస్ట్రీ దారే మేలు. అక్కడ ఏటా రెండుసార్లు గడియారం మారుస్తారు, రెండు సిస్టమ్‌లూ చెరో గంట సర్దితే మళ్లీ మొదటికొస్తుంది.

ప్ర: మింట్‌లో ఎన్‌విడియా డ్రైవర్ వేశాను. రీస్టార్ట్‌లో ఏదో నీలం తెర వచ్చి పోయింది. ఇప్పుడు ఆటలు ముక్కలు ముక్కలుగా కదులుతున్నాయి. సెక్యూర్ బూట్ ఆపేయమంటున్నారు, ఆపాలా?
పాలిటెక్నిక్ విద్యార్థి, తిరుపతి

జ: ఆపవద్దు. ఆపితే మింట్ బాగుపడుతుంది, విండోస్ 11లో వాలరెంట్ తెరుచుకోదు. వాన్‌గార్డ్‌కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ రెండూ ఉండాల్సిందే.

మీరు వదిలేసిన ఆ నీలం తెరే అసలు సంగతి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవర్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. మీ కంప్యూటర్ తయారుచేసుకున్న సంతకాన్ని నమ్మమని మీరే స్వయంగా వచ్చి చెప్పాలి. చెప్పే చోటు ఆ తెరే. 'పెర్ఫార్మ్ ఎంఓకే మేనేజ్‌మెంట్' అని రాసి ఉంటుంది. 10 సెకన్లలో ఏదో ఒక మీట నొక్కకపోతే తనంతట తాను దాటిపోతుంది.

టెర్మినల్‌లో సుడో, ఖాళీ, అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ, ఖాళీ, రెండు అడ్డగీతలు, వెంటనే ఎన్‌రోల్-కీ అని కొట్టండి. ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. ఈ ఒక్కసారికే కాబట్టి 8 అంకెలు పెట్టుకోండి. గుర్తులు, పెద్దక్షరాలు వద్దు, ఆ తెర మీద కీబోర్డు అమెరికన్ లేఅవుట్‌లో ఉంటుంది. రీస్టార్ట్ చేసి తెర ముందే కూర్చోండి. మీట నొక్కి ఎన్‌రోల్ ఎంఓకే, కంటిన్యూ, యెస్, పాస్‌వర్డ్, రీబూట్. మొదటి వరుసలో ఉన్న 'కంటిన్యూ బూట్' నొక్కితే మళ్లీ మొదటికే. డెస్క్‌టాప్ వచ్చాక ఎన్‌విడియా సెట్టింగ్స్‌లో కార్డు పేరు కనిపిస్తే పనైనట్టే. మీది ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ అయితే మాత్రం డ్రైవర్ పేరు చివర 'ఓపెన్' అని ఉన్నదే ఎంచుకోవాలి. మామూలు రకం ఆ కార్డులకు పనిచేయదు.

ప్ర: ఇంట్లో ఒకటే కంప్యూటర్. నాన్నగారు అను ఫాంట్లతో డీటీపీ చేస్తారు, నేను చదువుకు లినక్స్ వాడాలి. ఆయన పని లినక్స్‌లోకి మార్చవచ్చా?
ఎంసీఏ విద్యార్థిని, గుంటూరు

జ: మార్చవద్దు. అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్ విండోస్ ప్రోగ్రాములు. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి. ఆ ఫైలును లినక్స్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలే కనిపిస్తాయి. ఆయన విండోస్ ఆయనకు ఉండనివ్వండి. బూట్ మెనూలో విండోస్‌నే మొదటి ఎంపికగా పెట్టండి, లేకపోతే ప్రతి ఉదయం ఆయన మీకు ఫోన్ చేయాల్సి వస్తుంది. ట్యాలీ వాడే ఇళ్లకూ ఇదే జవాబు.

మీరు లినక్స్‌లో తెలుగు టైప్ చేయడానికి ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోండి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌తో పాటు యాపిల్ లేఅవుట్ కూడా వస్తుంది. డీటీపీ చేతివాటం ఉన్నవారికి ఆ చివరిది హాయి. ఫాంట్స్-తెలుగువిజయం ప్యాకేజీలో మండలి, రామభద్ర, సురన్న, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి.

ప్ర: కాలేజీ ప్రోగ్రామింగ్ కోసమే లినక్స్ కావాలి. డ్యూయల్ బూట్ తప్పదా?
బీటెక్ రెండో ఏడు, ఏలూరు

జ: తప్పుతుంది. విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వేసుకోండి. సీ, పైథాన్, గిట్‌లకు అది చాలు.

ప్ర: విండోస్ అప్‌డేట్ అయ్యాక లినక్స్ మెనూ మాయమైంది. నేరుగా విండోస్ తెరుచుకుంటోంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?
ప్రైవేటు ఉద్యోగి, వరంగల్

జ: చేయకండి, మీ లినక్స్ ఎక్కడికీ పోలేదు. వరుస మారింది, అంతే. ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కండి. అక్కడ ఉబుంటు అనే పేరు కనిపిస్తే (మింట్ కూడా ఆ పేరుతోనే నమోదవుతుంది) దాన్ని ఎంచుకోండి. తెరుచుకుంటే బయోస్‌లో బూట్ ఆర్డర్‌లో దాన్ని పైకి తెస్తే సరిపోతుంది. ఆ పేరే లేకపోతే మింట్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అందులోనే ఉండే బూట్ రిపేర్ తెరిచి, రికమెండెడ్ రిపేర్ నొక్కండి.

'షిమ్ ఎస్‌బ్యాట్' అనే మాటతో సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అని వస్తే అది వేరే జబ్బు. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ పాత బూట్ ఫైళ్లను నిషేధించడంతో చాలామందికి వచ్చింది. సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి అప్‌డేట్లన్నీ వేసుకుని, మళ్లీ ఆన్ చేయండి. పాత పెన్‌డ్రైవ్‌లో ఇదే మాట వస్తే కొత్త వెర్షన్ దింపుకోవడమే.

ప్ర: డెస్క్‌టాప్‌కు రెండో ఎస్‌ఎస్‌డీ కొని లినక్స్‌ను దాంట్లో వేద్దామనుకుంటున్నా. లాభమేనా?
గేమింగ్ పీసీ వాడే పాఠకుడు, హైదరాబాద్

జ: డబ్బులుంటే ఇదే సరైన దారి. ష్రింక్ గొడవ ఉండదు. ఒక డ్రైవ్ పోయినా రెండోది బతుకుతుంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ బజారు సీటీసీకి వెళ్లేముందు మదర్‌బోర్డు పుస్తకం చూడండి. రెండో ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీ బిగించే చోటు) నింపితే కొన్ని బోర్డుల్లో ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోతాయి, పాత హార్డ్‌డిస్క్ ఆ పోర్టుకే ఉంటే మాయమవుతుంది. ల్యాప్‌టాప్ వాళ్లయితే స్లాట్ పొడవు చూసుకోండి, కొన్నింటిలో 80 మి.మీ. పొడవుండే 2280 పట్టదు, 42 మి.మీ. ఉండే 2242 కొనాలి.

ఇన్‌స్టాల్ చేసే ఆ అరగంటా విండోస్ ఎస్‌ఎస్‌డీని విప్పి పక్కన పెట్టండి. మింట్ ఇన్‌స్టాలర్‌కు ఒక పాత అలవాటుంది. బూట్‌లోడర్‌ను (సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రాం) ఎక్కడ పెట్టాలో మీరు రెండో డ్రైవ్ చూపించినా, మొదటి డ్రైవ్‌లో ఈఎఫ్‌ఐ పార్టిషన్ కనిపిస్తే అక్కడే పెట్టేస్తుంది. రేపు విండోస్ డ్రైవ్ మారిస్తే లినక్స్ కూడా లేవదు. పని ముగిశాక డ్రైవ్ మళ్లీ బిగించి, లినక్స్‌లో సుడో అప్‌డేట్-గ్రబ్ కొడితే మెనూలో విండోస్ చేరుతుంది.

ప్ర: లినక్స్ తీసేయాలి. ఆ పార్టిషన్ డిలీట్ చేస్తే చాలా?
గృహిణి, నెల్లూరు

జ: వరుస ముఖ్యం. ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటికి తెండి. ఒకసారి నేరుగా విండోస్ తెరుచుకుందని చూసుకున్నాకే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్ డిలీట్ చేయండి. ఆ ఖాళీ సీ డ్రైవ్‌ను ఆనుకుని కుడివైపు ఉంటే ఎక్స్‌టెండ్ వాల్యూమ్‌తో కలిపేయవచ్చు. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డంగా ఉంటే కలవదు, దాన్ని మాత్రం డిలీట్ చేయకండి. ఆ ఖాళీలో డీ డ్రైవ్ చేసుకోండి. తొందరపడి ముందే డిలీట్ చేసి నల్ల తెర మీద 'గ్రబ్ రెస్క్యూ' చూస్తున్నవారు బూట్ మెనూ కీ నొక్కి విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుంటే విండోస్ తెరుచుకుంటుంది.